వరం అడిగిన పాపం

కథల్లో వరాలిచ్చేవాళ్ళకి కొదవ లేదు. చెట్టు మీద దయ్యం దగ్గర్నుంచి దేవతల దాకా ఎవరో ఒకరు ప్రత్యక్షమై "ఏం కావాలో కోరుకో" అంటూనే ఉంటారు. కోరుకున్నవాళ్ళు మాత్రం సుఖపడ్డట్టు కనిపించరు. చిన్నప్పుడు అలాంటి కథ వింటూ "అయ్యో, ఇంకోలా అడిగి ఉంటే బావుండేదే!" అని మనం అనుకోవడం, "అత్యాశకి పోతే అంతే" అని పెద్దవాళ్ళు కథ ముగించి దీపం తగ్గించడం మామూలు. ఆ "అంతే" అన్నమాట నాకు ఏనాడూ మింగుడు పడలేదు. ఒకరు నానా అగచాట్లూ పడి ఏదో కోరుకున్నారు. ఇస్తానన్నవాడు మెలికపెట్టి ఇచ్చాడు. తప్పు మాత్రం కోరుకున్నవాళ్ళది! ఇదేం న్యాయం?

ఈమధ్య ఆ ప్రశ్న మళ్ళీ నా ఎదుటికొచ్చింది. అదీ నేను కలలో కూడా అనుకోని చోట, ఒక వీడియో గేములో. మొహం చిట్లించకండి. పిల్లలు ఆటల్లో పడి చెడిపోతున్నారని రాయడానికి నేను కలం పట్టలేదు; ఆ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నన్ను పట్టుకున్నది ఆట కాదు, ఆ ఆట కథ చెప్పే పద్ధతి.

దాని పేరు "ట్విస్టెడ్ మెటల్". మెలితిరిగిన ఇనుము అనుకోండి. 1995లో సోనీ వారి ప్లేస్టేషన్ కోసం, అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలోని సింగిల్‌ట్రాక్ అనే సంస్థ తయారుచేసింది. ఆ సంస్థ పెట్టినవాళ్ళు అంతకుముందు, పైలట్లకి శిక్షణ ఇచ్చే యంత్రాల్లో కంప్యూటర్ దృశ్యాలు తయారుచేసే కంపెనీలో పనిచేసినవాళ్ళట. ఆకాశం నుంచి రోడ్డు మీదికి దిగారన్నమాట. కథ ఇది. 2005వ సంవత్సరం, క్రిస్మస్ ముందు రాత్రి, లాస్ ఏంజిలిస్ నగరం. కాలిప్సో అని ఒకడు, కాలిన మొహంతో చూడ్డానికే భయంగా ఉంటాడు, ఏటా ఒక పోటీ పెడతాడు. పన్నెండు బండ్లు. ప్రతి బండికీ తుపాకులూ, క్షిపణులూ బిగించి ఉంటాయి. రోడ్ల మీద పడి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోవాలి. చివరికి మిగిలిన ఒక్కరికి ఒకే ఒక్క కోరిక. అది ఏదైనా సరే, ఎంతటిదైనా సరే, కాలిప్సో తీరుస్తాడు.

మరుసటి ఏడు, 1996లో వచ్చిన రెండో ఆటలో లాస్ ఏంజిలిస్ అప్పటికే శిథిలాల దిబ్బ. పోటీ పారిస్, మాస్కో, న్యూయార్క్ అంటూ దేశాల మీద పడుతుంది. లోకం కూలిపోయాక మిగిలిన మనుషులు బండ్లెక్కి కొట్టుకోవడమనే ఈ వరసకి పెద్దన్న, 1979లో ఆస్ట్రేలియాలో వచ్చిన "మాడ్ మాక్స్" సినిమా. దాన్ని తీసిన జార్జ్ మిల్లర్ వృత్తిరీత్యా డాక్టరు. రోడ్డు ప్రమాదాల గాయాలు ఆసుపత్రిలో కళ్ళారా చూసిన మనిషి. అందుకే కాబోలు, ఆ సినిమాలో ఇనుము తగిలితే నొప్పి పుడుతుంది. ఈ ఆటలో పుట్టదు. ఇక్కడ తగలగానే ఒక మంట, కాస్త పొగ, అంతే.

ఇదంతా నాకు చూపించినవాడు మా చెల్లెలి కొడుకు. ఇంజనీరింగు చదువుతున్నాడు. పాత ఆటలంటే, మనకి పాత పాటల్లాగ, వాడికి మహా ఇష్టం. వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. కథ మొదట్లో చిటికెడు, చివర్లో చిటికెడు. మధ్యలో గంటలకొద్దీ ధనాధన్. మొదట బండిని ఎంచుకుంటాం. దాన్ని నడిపే మనిషి ఎవరో, ఎందుకు పోటీకొచ్చాడో నాలుగు ముక్కలు చెబుతారు. గెలిస్తే వాడి కోరిక ఏమైందో చివర్లో చెబుతారు. మొదటి ఆటలో ఆ ముగింపులు బొమ్మల మీద అక్షరాలు, అంతకంటే ఏమీ లేదు. అసలు నటులతో ముగింపులు తీసి కూడా అప్పుడు వాడలేదు. 2008లో మరో ఆటతో కలిపి వాటిని బయటపెట్టారు.

సరే, పన్నెండు మందికీ పన్నెండు ముగింపులు. ఒకరి ముగింపు చూశాక రెండోవాళ్ళది తెలుసుకోవాలంటే ఏం చెయ్యాలి? ఆట మళ్ళీ మొదలుపెట్టి, ఆ రెండోవాళ్ళ బండెక్కి, ఇందాక మనం గెలిపించిన మనిషిని చంపాలి. నవలలు రాసేదాన్ని కనుక ఇది వినగానే నా ఒళ్ళు జలదరించింది. ఒక నవలకి పన్నెండు చివరి అధ్యాయాలు ఉన్నాయనుకోండి. ప్రతి అధ్యాయంలోనూ ఒకే ఒక్కరు నాయకుడో, నాయికో. తక్కిన పదకొండు మందీ దారికి అడ్డొచ్చిన డొక్కు బండ్లు. నిన్నటి నాయిక ఇవాళ రోడ్డుపక్క పొగ. ఆవిడ కోరికేమిటో నిన్న మనకి తెలుసు, జాలిపడ్డాం కూడా. ఇవాళ తెలిసే కాలుస్తాం.

ఇక ఆ కోరికల సంగతి. ఒక్కటీ సవ్యంగా తీరదనుకున్నా పెద్ద తప్పు లేదు. కాలిప్సో మాట తప్పడు. మాటని పట్టుకుని మనిషిని ముంచుతాడు. 2012లో వచ్చిన ఆటలో డాల్‌ఫేస్ అని ఒక అమ్మాయి ఉంది. అందమే ప్రాణంగా బతికిన మోడల్. గెలిచి, ప్రపంచంలోకెల్లా పెద్ద రన్‌వే మీద నడవాలని కోరుకుంటుంది. ఫ్యాషన్ షోల్లో అమ్మాయిలు నడిచే వేదికని రన్‌వే అంటారు కదా, పాపం ఆవిడ ఉద్దేశం అది. కాలిప్సో ఆవిడని తీసుకెళ్ళి విమానాశ్రయంలో రన్‌వే మీద నిలబెడతాడు. ఎదురుగా విమానం! మావాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాననే చెప్పాలి. మాట మీద మాట పడితే నవ్వొస్తుంది, అది చమత్కారం మహిమ.

అదే ఆటలో స్వీట్ టూత్ అని ఐస్‌క్రీమ్ బండి నడిపే ఒక విదూషకుడున్నాడు. తల మీద మంట ఆరదు. ఈ ఆటల పరంపరకి వాడి మొహమే గుర్తు. కట్టుకున్నదాన్నీ, కన్నవాళ్ళనీ పొట్టన పెట్టుకున్న హంతకుడు వాడు. ఆ రాత్రి చేతికి చిక్కకుండా తప్పించుకుపోయిన సొంత కూతురు ఎక్కడుందో చూపించమని వాడి కోరిక. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్ల ఎప్పుడో చచ్చిపోయింది. కాలిప్సో మాట నిలబెట్టుకుంటాడు. వాణ్ణి సరాసరి ఆ పిల్ల దగ్గరికే, భూమిలో పాతిన శవపేటికలోకే పంపిస్తాడు. ఇక్కడ నాకు కాలిప్సో మీద కోపం రాలేదు. తగిన శాస్తి అయిందనుకున్నాను. తర్వాత రాత్రి పడుకున్నాక అనిపించింది: కూతుర్ని చంపాలన్న కోరికకీ, నలుగురూ నన్ను చూడాలన్న కోరికకీ ఒకటే శిక్షా? కాలిప్సో కోర్టులో నేరాలన్నీ ఒక్కటే. ఆ నేరం పేరు అడగడం.

ఈ మెలిక కొత్తదేం కాదు. ఇంగ్లీషులో దీనికి పేరుపడ్డ కథ డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన "మంకీస్ పా". కోతి పంజా కథ. మా కాలేజీ రోజుల్లో చదివి రెండు రాత్రుళ్ళు నిద్రపోలేదు. ఆ పంజాకి మంత్రం వేసినవాడు మన దేశపు ఫకీరేనని రచయిత రాశాడు. సైనికుడొకడు దాన్ని ఇంగ్లండు పట్టుకెళతాడు. ముసలి దంపతులు ఇంటి బాకీ తీర్చడానికి రెండువందల పౌన్లు కోరుకుంటారు. మర్నాడు కొడుకు ఫ్యాక్టరీలో యంత్రంలో పడి చనిపోతాడు. నష్టపరిహారంగా కంపెనీ ఇచ్చేది సరిగ్గా రెండువందల పౌన్లు. "కోతి పంజాని ముట్టుకున్నందుకు ఫలితం" అని మా లెక్చరరు చెప్పింది. నేను ఆవేళ అడగలేకపోయిన మాట ఇవాళ అడుగుతున్నాను. ఆ యంత్రానికి కంచె ఎందుకు లేదు? కథంతా పంజా చుట్టూ తిరిగేసరికి ఫ్యాక్టరీ యజమాని గురించి పాఠకులెవరికీ ఆలోచనే రాదు. బాకీ తీర్చుకోవాలనుకున్న ముసలావిడ నెత్తినే పాపం.

మన కథలు ఈ విషయంలో నిర్దోషులని నేను అనను. కుంభకర్ణుడు వరం అడగబోతే, దేవతలు వేడుకోగా సరస్వతి వాడి నాలుక మీద కూర్చుంది. పాపం ఏదో అడగబోయి నిద్ర అడిగాడు. హిరణ్యకశిపుడు మనిషి వల్ల వద్దు, మృగం వల్ల వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు అని ప్లీడరు దస్తావేజు రాసినట్టు అడిగినా సందు వెతికారు. మాటలో సందు వెతకడంలో కాలిప్సోకి మనవాళ్ళు గురువులే. అయితే ఒక్క తేడా ఉంది, అది చిన్నది కాదు. మన కథల్లో ఇచ్చినవాడు కూడా ఇరుక్కుంటాడు. భస్మాసురుడికి వరమిచ్చిన శివుడు ప్రాణం చేతపట్టుకుని పరుగు తియ్యాల్సివచ్చింది. కైకేయికి వరాలిచ్చిన దశరథుడు ఆ మాటకే కట్టుబడి, కొడుకు దూరమై ప్రాణం వదిలాడు. వరం రెండువైపులా పదునున్న కత్తి. కాలిప్సో కత్తికి పిడి వాడి వైపే ఉంది. వాడికి ఏ ముగింపులోనూ జమాఖర్చు లేనట్టే. పన్నెండు మంది చస్తున్నా నవ్వుతూ కూర్చుని మరుసటి ఏడు పోటీకి కబురు పంపుతాడు.

కైకేయి మాట వచ్చింది కనుక చెబుతాను. ఆవిడ వరాలు సంపాదించింది కూడా యుద్ధంలో, రథం మీదే! దేవాసుర సంగ్రామంలో మూర్ఛపోయిన భర్తని రణరంగం నుంచి తప్పించి కాపాడిందని వాల్మీకి. ఊడిన చక్రపు శీల స్థానంలో వేలు పెట్టి రథాన్ని నిలబెట్టిందని మన అమ్మమ్మలు. ఏ మాట తీసుకున్నా ఆవిడ వరం ఒక మనిషిని బతికించినందుకు వచ్చింది. తర్వాత ఎలా వాడుకుందన్నది వేరే సంగతి, దానికి ఆవిడని యుగయుగాలుగా తిడుతూనే ఉన్నాం. భస్మాసురుడైనా తపస్సులో కృశింపజేసుకున్నది సొంత శరీరాన్నే. ట్విస్టెడ్ మెటల్‌లో వరం సంపాదించే దారి ఒక్కటే, తక్కిన పదకొండు మందినీ లేకుండా చెయ్యడం.

నాకు అసలు అభ్యంతరం ఇక్కడే. కోరిక బెడిసికొట్టగానే మనం "చూశావా, ఎలా అడిగిందో!" అని నవ్వుకుంటాం. మన దృష్టంతా ఆ ఒక్క వాక్యం మీదే. రన్‌వే అనకుండా వేదిక అని ఉంటే బతికేది కదా అని లెక్కలు వేస్తాం. అక్కడిదాకా రావడానికి రోడ్డు మీద మిగిల్చిన పదకొండు శవాల మాట ఎవరికీ గుర్తుండదు. శిక్ష పడింది కనుక న్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. కానీ శిక్ష పడింది మాట పొరపాటుకి, హత్యలకి కాదు. ఆ హత్యలు చేసింది ఎవరంటారా? బటన్ నొక్కిన మనమే.

కోరికని ఆటగాడు మార్చే వీలుందా అని మావాణ్ణి అడిగాను. "లేదు పెద్దమ్మా. గెలిచాక మన చేతిలో ఏమీ ఉండదు, బొమ్మ దానంతటదే నడుస్తుంది" అన్నాడు. అంటే చంపడానికి పూర్తి స్వేచ్ఛ, ఎటు తిరగాలో ఎప్పుడు పేల్చాలో అంతా మన ఇష్టం. ఎందుకోసం చంపామో అది మాత్రం ముందే ఎవరో రాసిపెట్టారు.

"అందరూ చెడ్డవాళ్ళే పెద్దమ్మా, ఉత్త జోకు, నువ్వు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నావు" అని కూడా అన్నాడు. కావచ్చు. చీకటి హాస్యం ఒక రుచి, అది ఉండకూడదని నేను అనను. కానీ ఈ జోకు మన ఇళ్ళల్లో వేరే పేర్లతో తిరుగుతోంది. ఎంసెట్ అని మనం ఇంకా పాత పేరుతోనే పిలిచే పరీక్ష ముందురోజు గుళ్ళో ఎన్ని కొబ్బరికాయలు పగులుతాయి? "మా అబ్బాయికి మంచి ర్యాంకు రావాలి స్వామీ." చదువు రావాలని అడిగితే అది వేరు, ఎంతమందికి వచ్చినా తరగదు. ర్యాంకు అలా కాదు. ఒకరికి ముందు రావాలంటే ఇంకొకరు వెనక్కి పోవలసిందే. ఆ వెనక్కి పోయేవాడి తల్లి మన పక్కనే నిలబడి అదే దేవుడికి అదే దండం పెడుతోంది. మనం ఆవిడ చీర బావుందనుకుంటాం గానీ, ఆవిడ కొడుకు మన కోరికకి అడ్డొచ్చే బండి అనుకోం. ఈ పోటీ ఇలా పెట్టినదెవరు, సీట్లు ఇన్నే ఎందుకున్నాయి అని అడగడం అసలే తోచదు.

మా వీధిలో ఒకావిడ కొడుకు వీసా కోసం చిలుకూరు బాలాజీ గుళ్ళో పదకొండు ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక వెళ్ళి నూట ఎనిమిదీ పూర్తిచేసి వచ్చింది. కొడుకు వెళ్ళాడు, స్థిరపడ్డాడు. ఆయన పోయారు. ఇప్పుడు ఆవిడ నాలుగు గదుల ఇంట్లో ఒక్కతే. ఎప్పుడైనా నోరుజారి ఒంటరిగా ఉందంటే చాలు, "నువ్వే కదమ్మా కోరుకున్నావు!" అంటారు. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కాలిప్సో అనే మాటే అంటున్నామని వాళ్ళకి తెలియదు. ఆవిడ కోరుకున్నది కొడుకు బాగుండాలని. అందుకు పదమూడువేల కిలోమీటర్ల దూరం షరతు పెట్టింది ఆవిడ కాదు.

ఈ ఆటని 2023లో పీకాక్ అనే సంస్థ టి.వి. సీరియల్‌గా తీసింది. అందులో లోకం నిజంగానే కూలిపోయింది. నగరాల చుట్టూ గోడలు కట్టుకుని కొందరు లోపల సుఖంగా ఉంటారు, తక్కినవాళ్ళని బయటికి తోసేశారు. జాన్ డో అనేవాడు గోడకీ గోడకీ మధ్య సరుకులు చేరవేసే డ్రైవరు. ఒక పొట్లం పది రోజుల్లో తెచ్చిస్తే నిన్నూ లోపలికి రానిస్తామని వాడికి ఆశపెడతారు. మళ్ళీ అదే వరం! అయితే దారిలో వాడికి క్వయట్ అనే అమ్మాయి తారసపడుతుంది. ఆట పద్ధతిలో అయితే ఆవిడ పొగైపోవాలి. సీరియల్ గనక, ఇద్దరూ ఒకే బండిలో కూర్చోవాలి, మాట్లాడుకోవాలి, తిట్టుకోవాలి. గంటల తరబడి పక్కసీట్లో కూర్చున్న మనిషిని ఎవరు కాల్చగలరు? రాసేవాళ్ళకి ఇది అనుభవమే. చిన్న పాత్ర కదా, మూడో అధ్యాయంలో చంపేద్దామనుకుంటాం. ఆవిడకి ఒక పేజీ ఇచ్చి, వంటింట్లో నిలబెట్టి, మజ్జిగలో కరివేపాకు వెయ్యనిచ్చామో, ఇక చెయ్యి రాదు.

మరో సంగతి. కాలిప్సో అన్న పేరు కావాలనే పెట్టారో, వినసొంపుగా ఉందని పెట్టారో గానీ, ఆ పేరు గ్రీకు కవి హోమరుది. "ఒడిస్సీ"లో కాలిప్సో ఒక ద్వీపంలో ఉండే అప్సర. ఒడిస్యూస్ అక్కడికి ఎలా చేరాడనుకున్నారు? తోటి నావికులందరూ చచ్చి, ఓడ పగిలి, ఒక్కడే మిగిలి! సరిగ్గా ఈ పోటీలో గెలిచినవాడిలాగే. ఆవిడ వాడికి ఇవ్వజూపిన వరం సామాన్యమైనదా? నా దగ్గరే ఉండిపో, చావూ ముసలితనమూ లేకుండా చేస్తానంటుంది. వాడు ఒడ్డున కూర్చుని ఇంటికేసి చూస్తూ ఏడుస్తాడు. నా భార్య నీ అంత అందగత్తె కాదు, ఆవిడకి ముసలితనం వస్తుంది, చావు వస్తుంది, అయినా నేను ఇంటికే పోతానంటాడు. మొట్టమొదటి కాలిప్సో కథలో వరం వద్దనే వీలుంది. దేవతలు చెప్పిన మీదట ఆవిడ కూడా, మనసు కష్టపెట్టుకుంటూనే, తెప్ప కట్టుకోవడానికి గొడ్డలి ఇచ్చి, దారికి రొట్టె, నీళ్ళు, ద్రాక్షసారా సర్ది పంపింది.

ఇదంతా మావాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, మొదటి ఆటలో ఆ ఐస్‌క్రీమ్ బండి విదూషకుడి కోరిక ఏమిటో తెలుసా అన్నాడు. తెలియదన్నాను. వాడి ప్రాణస్నేహితుడు ఒక కాగితం సంచీ అట. మామూలు గోధుమరంగు సంచీ. అది ఎక్కడో పోయింది. లోకంలో ఏదైనా ఇస్తానన్నవాడి ముందు నిలబడి, అది తెచ్చిపెట్టమని అడిగాడట.

"మరి దొరికిందా?" అన్నాను.

"ఆడి చూడు" అని ఆ రిమోటులాంటిది నా చేతిలో పెట్టాడు.